ఎనిమిది రోజులు తక్కువైన పెసహా

క్లారమ్మ మొగుడు పైలీ పోయింది పోయినేడు ఏప్రిల్ పదో తారీఖున. ఈ ఏడు పెసహా, ఈస్టరుకి ముందు గురువారం ఇంటింటా రొట్టె విరిచే పండగ, వచ్చింది ఏప్రిల్ రెండున. అంటే ఏడాది నిండడానికి ఎనిమిది రోజులు తక్కువ. ఆ ఎనిమిది రోజులూ కలిసి క్లారమ్మ ప్రాణం తోడేశాయి.

చావు జరిగిన ఇంట్లో ఏడాది తిరిగేదాకా పెసహా రొట్టె చెయ్యకూడదు. చుట్టాలో ఇరుగుపొరుగో చేసి తెచ్చి పెట్టాలి. ఇంతవరకూ కేరళ కొండల్లోని చేన్నమల ఊళ్ళో ఎవరికీ పేచీ లేదు. ఏడాది అంటే ఏమిటన్న దగ్గరే వచ్చింది తంటా. పెసహా ఒక తారీఖుకి కట్టుబడి ఉండే పండగ కాదు. చంద్రుడి వెంటబడి తిరుగుతుంది, ఓ ఏడు ముందుకొస్తుంది, ఓ ఏడు వెనక్కిపోతుంది. పోయినేడు ఏప్రిల్ పదిహేడున వచ్చింది, పైలీని మట్టిలో పెట్టిన వారానికి. అప్పుడు ఆ ఇంట్లో రొట్టె చెయ్యలేదు, ఐదిళ్ళవాళ్ళు ఐదు రొట్టెలు తెచ్చారు. ఈ ఏడు పండగ తొందరపడి పదిహేను రోజులు ముందే వచ్చి గుమ్మంలో నిలబడింది. ఒక పెసహా మానేశారు కాబట్టి చెల్లు అయిపోయిందా? లేక తారీఖు ప్రకారం ఇది ఇంకా చావిల్లేనా?

ఈ ప్రశ్న క్లారమ్మ ఎవరినీ అడగలేదు. అయినా జవాబు చెప్పనివాడు ఊళ్ళో లేడు.

మట్టల ఆదివారం పూజ అయ్యాక, ఇంకా చేతిలో కొబ్బరాకు పట్టుకునే, మరిది అవిరా గుడి మెట్ల మీద వదినని ఆపేశాడు. పైలీ పోయాక ఆ కుటుంబంలో మగవాళ్ళలో పెద్ద అతనే. ఆ పెద్దరికం కొత్త చొక్కాలాగా అతనికి ఇంకా గరగరలాడుతూనే ఉంది.

"చేట్టత్తీ, ఈసారి రొట్టె గిట్టె పెట్టుకోకు. ఎనిమిది రోజులు తక్కువ."

"ఒక పెసహా అయిపోయింది కదా అవిరా."

"పెసహాతో కాదు లెక్క, తారీఖుతో. బ్యాంకువాడు ఏడాది డిపాజిట్‌కి ఎనిమిది రోజుల ముందు డబ్బులిస్తాడా?"

"మీ అన్నని బ్యాంకులో వేశామా?"

"వెటకారాలొద్దు. మా ఇంటినుంచి పెద్ద రొట్టె పంపిస్తా. పాలు కూడా. నువ్వు పొయ్యి జోలికి పోకు, అంతే."

ఇంటికొచ్చేసరికి పక్కింటి శోశమ్మ కంచె మీద మోచేతులాన్చి కాచుకుని ఉంది. ఆమె లెక్క వేరు. "క్లారచేచీ, మీకు దుఃఖం తీరిపోయినట్టే. పెసహా నుంచి పెసహాకి ఏడాది. మా అమ్మమ్మ ఇలాగే చెప్పేది. ఈసారి నేను రొట్టె తేను, ఏమనుకోవద్దు. తీరినింటికి తెస్తే ఇంకో చావు కోరుకున్నట్టు అవుతుంది."

"తేవద్దులే తల్లీ," అంది క్లారమ్మ. "అవిరా పంపిస్తానన్నాడు."

"ఆయన పంపడం ఏమిటి? అంటే మీరింకా చావింట్లోనే ఉన్నారా?"

ఆ మధ్యాహ్నం ఫాదర్‌ని కూడా అడిగింది. అదే ఆమె చేసిన తప్పు. ముప్పై దాటని కుర్రఫాదర్ గడ్డం నిమురుకుని, రెండు పద్ధతులూ మంచివేనమ్మా, మీ మనస్సాక్షి ఏది చెబితే అది చెయ్యండి అన్నాడు. క్లారమ్మకి ఒళ్ళు మండిపోయింది. మనస్సాక్షి చెప్పిందే చెయ్యగలిగితే ఈయన దగ్గరికి ఎందుకొస్తుంది?

నిజానికి ఆమె మనస్సాక్షి చాలా గట్టిగానే చెబుతోంది, చెయ్యమని. అయితే క్లారమ్మ ఈ ఊరిది కాదు. నలభై రెండేళ్ళ కాపురం చేసినా కాదు. ఆమె అలప్పుళ పక్క సముద్రం ఒడ్డు పిల్ల. తండ్రి కొబ్బరిపీచు తాళ్ళు పేనేవాడు. పైలీది ఆ రోజుల్లో పడవల సంస్థలో ఇంజను మీద పని. రేవులో రోజూ కనపడే పిల్లని చూసి చూసి, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా ఆ ఒడ్డు గుడిలోనే తాళి కట్టేసి తీసుకొచ్చాడు. ఇద్దరూ ఒకే దేవుణ్ణి కొలిచేవాళ్ళే, ఇద్దరూ కతోలికులే. అయినా కొండవైపు పాతింటివాళ్ళకి సముద్రపొడ్డు వాళ్ళంటే చిన్నచూపు. పైలీ తల్లి రాహేలమ్మచ్చి కోడలిని గుమ్మంలో ఆపి తలనుంచి కాళ్ళదాకా చూసి, "చేపల వాసన," అంది. అదే స్వాగతం.

మొదటి తగువు ఈ పెసహా మాట దగ్గరే. క్లారమ్మ పుట్టింటివైపు పాస్కా అంటారు. పాస్కా అంటే వాళ్ళకి ఈస్టరు ఆదివారం, కొత్తబట్టలు, కోడికూర, టపాసులు. మన తెలుగు బైబిలులోని పస్కా మాటకి దగ్గరదే, పోర్చుగీసువాళ్ళ నోటిమీదుగా ఆ ఒడ్డుకి చేరింది. ఇక్కడ కొండవైపు అదే మాట పాత సిరియా పాటల్లోంచి పెసహా అయి దిగింది. వీళ్ళకది గురువారం. రొట్టె పేరూ అదే, బెల్లంపాల పేరూ అదే. పెసహా జరిగిందా అని అడగరు, పెసహా విరిచారా అని అడుగుతారు. "పాస్కాకి ఏం చేద్దాం అమ్మచ్చీ?" అని కొత్తకోడలు ఆశగా అడిగితే, "పాస్కా అంట, పాస్కా! దేవుడు గురువారం చేసింది వీళ్ళు ఆదివారం తింటారు," అని ముసలామె వీధంతా వినేలా నవ్వింది. అప్పటికి ఆమె ముసలిది కాదు గాని, నోరు మాత్రం ఇదే.

ఆ ఏడు క్లారమ్మ మొదటిసారి రొట్టె చేసింది. దోసెలకి పోసినట్టు మినుములు రాత్రే నానబోసి, తెల్లారి రుబ్బి, పిండి సాయంత్రందాకా మూతపెట్టి ఉంచింది. ఆవిరిమీద రొట్టె బుసబుసా పొంగింది. చూసి మురిసిపోయింది పిచ్చిది. అత్తగారు మూత తీసి ముక్కు చిట్లించింది. "ఇది పెసహా కాదు, ఇడ్లీ. ఐగుప్తునుంచి పారిపోయినవాళ్ళు పిండి పులిసేదాకా కూర్చున్నారటే? తియ్యి దాన్ని. మళ్ళీ రుబ్బు." గుడినుంచి వచ్చి మొగుడూ మామగారూ ఆకలితో కూర్చుంటే, క్లారమ్మ ఏడుస్తూ శోశమ్మ అత్తగారింటికి పరిగెత్తి నానిన పప్పు అడుక్కొచ్చి, మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టింది.

మరుసటేడు పిండి గట్టి అయింది. ఆ పైయేడు వెల్లుల్లి ఎక్కువైంది. ఐదో ఏడుకి చెయ్యి కుదిరింది. పదేళ్ళకి ఆ వాడలో ఏ ఇంట్లో చావు జరిగినా, పెసహాకి క్లారమ్మ రొట్టె వెళ్ళాల్సిందే. ఒక్కో ఏడు రెండు, ఒక్కో ఏడు నాలుగు. ఆమె రొట్టె ఎప్పుడూ పగలలేదు. పగిలితే ఇంటికి అరిష్టమని ఇక్కడి నమ్మకం. అత్తగారు మాత్రం ఒక్క ఏడు, ఒక్కసారి, బాగుందనలేదు. మాట్లాడకుండా నమిలి మింగేది. రెండో ముక్క అడిగితే బాగా కుదిరిందని క్లారమ్మ లెక్క. నలభైయేళ్ళు ఆ రెండో ముక్కతోనే సరిపెట్టుకుంది.

పోయినేడు ముసలామె మొదటి ముక్క కూడా ముట్టుకోలేదు. ఐదిళ్ళవాళ్ళు తెచ్చిన ఐదు రొట్టెలు ముందు పెట్టుకుని, ఆకలి లేదంది. ఆమెకిప్పుడు తొంభై ఒకటి. పుట్టి బుద్ధెరిగాక పెసహా మానింది ఆ ఒక్కసారే. కొడుకు శవం ముందు కూడా ఏడవలేదు. నెలనెలా ప్రార్థనకి సమాధి దగ్గరికి రమ్మంటే మోకాళ్ళ నొప్పి అంది. ఆదివారం పూజకి మాత్రం అవే మోకాళ్ళతో మెట్లన్నీ ఎక్కేది. రోజూ పొద్దుగూకాక క్లారమ్మ గేటుకి గడియ పెట్టడం, "తియ్యవే, ఇప్పుడే గడియెందుకు?" అని ఆమె అరవడం. ఏడాదిగా పైలీ పేరు ఆ నోట్లోంచి రాలేదు, బతికున్నాడనీ కాదు, పోయాడనీ కాదు. బుర్ర చెడిందా అంటే అదీ లేదు. కోడిగుడ్లు ఎన్ని పెట్టాయో పొద్దున్నే లెక్క చెప్పేది.

ఇది భరించలేకే క్లారమ్మకి ఈసారి రొట్టె చెయ్యాలని. తన చేత్తో చేస్తే తింటుందని ఒక పిచ్చినమ్మకం. వచ్చే ఏడుదాకా ఈ మనిషి ఉంటుందని ఎవరు రాసిచ్చారు? ఈ గురువారం ఆ నోట్లో ఒక ముక్క పడాలి, ఇంకేమీ అక్కర్లేదు. కాని అవిరా వద్దన్నాడు. కాదని చేస్తే, రేపు ముసలామెకి ఏమైనా అయితే, ఒడ్డునుంచి వచ్చినదానికి మన పద్ధతులేం తెలుసు అని ఒక్కరు కాదు, వాడంతా అంటారు. అందుకే రుబ్బురోలు కడిగి గుడ్డ కప్పేసింది.

"నువ్వేమంటావమ్మచ్చీ?" అని బుధవారం ఒక్కసారి అడిగి చూసింది.

"నేనేమంటాను. ఎప్పుడు నా మాట విన్నావు గనక!"

"నలభై రెండేళ్ళూ విన్నది ఎవరి మాట మరి?"

"విన్నట్టు నటించావు," అని ముసలామె గోడవైపు తిరిగి పడుకుంది.

గురువారం మధ్యాహ్నం ఒంటిగంటకి క్లారమ్మ ఒక గ్లాసెడు మినప్పప్పు నానబోసింది. ఎందుకంటే ఊరికే. రేపు దోసెలకి పనికొస్తుందని తనకి తనే చెప్పుకుంది. రేపు శుభశుక్రవారం, ఆ ఊళ్ళో ఎవరూ గంజి తప్ప తాగరు. ఆ సంగతి తనకి తనే గుర్తుచేసుకోకుండా జాగ్రత్తపడింది.

సాయంత్రం పూజలో కుర్రఫాదర్ పన్నెండుమంది కాళ్ళు కడిగి, ప్రసంగంలో పాత మాట అర్థం విప్పాడు. పెసహా అంటే దాటిపోవడం. గుమ్మానికి నెత్తురు పూసిన ఇళ్ళని చావు దాటిపోయింది. దాటిపోవడమే దేవుడి దయ అన్నాడు. క్లారమ్మ తలూపింది. ఇంటికొచ్చి అరుగు మీద అత్తగారి పక్కన కూర్చుంది. ముసలామె నాలుగింటికే స్నానం చేసి, ఇస్త్రీ చేసిన తెల్లచట్టా రవికా తొడుక్కుని, వెనక విసనకర్రలా కుచ్చిళ్ళు పెట్టిన తెల్లముండు పంచె కట్టుకుని కూర్చుంది. తిననిదానికి ఈ ముస్తాబంతా ఏమిటో.

దారినపోయేవాళ్ళు మొదలయ్యారు. గుడ్డ కప్పిన పళ్ళేలు పట్టుకుని ఒకరి వెనక ఒకరు. మిట్టమీది కురియన్ తల్లి జనవరిలో పోయింది, అందరూ అక్కడికే. క్లారమ్మ గేటు దగ్గరికొచ్చేసరికి చూపులు పక్కకి తిప్పుకుని, మర్యాదగా నవ్వి, ముందుకి నడిచేవాళ్ళు. శోశమ్మ కూడా వెళ్ళింది. వీళ్ళింటికి అవిరా పంపిస్తాడని సగంమందికి తెలుసు, వీళ్ళు సొంతంగా చేసుకుంటున్నారని మిగతా సగం అనుకున్నారు. పళ్ళెం తరవాత పళ్ళెం ఆ గుమ్మాన్ని దాటిపోయింది. ఫాదర్ చెప్పిన దయ ఇదేనా అని క్లారమ్మకి తిక్క రేగింది.

ఆరున్నర అయింది. అవిరా లేడు, రొట్టె లేదు. ఫోన్ చేస్తే అతని పెళ్ళాం లిస్సీ, "అదీ చేట్టత్తీ... ఒక్క నిమిషం..." అని పెట్టేసింది. క్లారమ్మ చెప్పులు కూడా వేసుకోకుండా కొబ్బరితోట దాటి మరిది వంటింటి గుమ్మంలోకి వెళ్ళి నిలబడింది. బల్లమీద రొట్టె ఉంది. నడిమధ్యలో ఇటునుంచి అటుదాకా పగిలిపోయి ఉంది. దాని పక్కన అవిరా తల పట్టుకుని కూర్చున్నాడు.

"పగిలింది పట్టుకుని చావింటికి ఎలా వస్తాను చేట్టత్తీ? అసలే ఎనిమిది రోజులు తక్కువ."

"రాకపోతే రాకపోయావు, చెప్పడానికి నోరు లేదా?"

"శోశమ్మ ఎలాగూ తెస్తుంది కదా అని..."

"శోశమ్మ నువ్వు తెస్తావని మానేసింది! ఊరంతా మా ఇంటిముందునుంచే పళ్ళేలు మోసుకుపోయారు. అక్కడ మీ అమ్మ నాలుగింటినుంచి ఉతికిన బట్టలు కట్టుకుని కూర్చుని ఉంది. తారీఖులు చెప్పడానికైతే గుడి మెట్లమీదకి వచ్చావుగా, ఇప్పుడేం చెబుతావు? బ్యాంకువాడు ఏమంటాడు?"

అవిరా పగిలిన రొట్టె మీద గుడ్డ కప్పాడు.

క్లారమ్మ వెనక్కొచ్చేసరికి అరుగుమీద ముసలామె లేదు. వంటింట్లో పీటమీద కూర్చుని, ముందు ఒక పళ్ళెంలో వెల్లుల్లిపాయలు పెట్టుకుని వణికే వేళ్ళతో వలుస్తోంది.

"పప్పు ఎప్పుడు నానబోశావు?" అంది తలెత్తకుండా.

"... ఒంటిగంటకి."

"ఈ ఎండల్లో ఇంకో గంట ఉంచితే పులిసిపోతుంది. రుబ్బు."

"అమ్మచ్చీ, అవిరా ఇంట్లో రొట్టె పగిలింది. మనం చేస్తే మళ్ళీ తారీఖు ఎత్తుతాడు."

"వాడెవడే లెక్క చెప్పడానికి?" ముసలామె అప్పుడు తలెత్తింది. "తొమ్మిది నెలలు రోజు రోజూ లెక్కపెట్టి కన్నదాన్ని నేను. తక్కువైంది నా ఖాతాలో రాసుకుంటాను. నువ్వు పొయ్యి వెలిగించు."

 క్లారమ్మ కాళ్ళూ చేతులూ కడుక్కుని రోలు మీది గుడ్డ తీసింది. పప్పు రుబ్బింది, వేయించిన బియ్యప్పిండి కలిపింది, కొబ్బరీ జీలకర్రా చిన్నుల్లీ వలిచిన వెల్లుల్లీ వేసింది. మట్టలాదివారం ఆకుని సిలువగా మడిచి పిండిమీద పెట్టి ఆవిరిమీదకెక్కించింది. పక్కపొయ్యిమీద బెల్లంపాలు. అదంతా అయ్యేదాకా ముసలామె అక్కడే కూర్చుని సణిగింది. నీళ్ళు ఎక్కువ పోశావంది, మంట ఎక్కువ పెట్టావంది, మూత తియ్యకంది, మూత తీసి చూడంది. క్లారమ్మ పళ్ళు బిగపట్టుకుంది. ఏడాదిగా ఆ ఇంట్లో ఇంత గోల లేదు.

రొట్టె దించుతుండగా అవిరా వచ్చాడు. తప్పు చేసినవాడి మొహం పెట్టుకుని లోపలికొచ్చి, పటం ముందు దీపం వెలిగి ఉండటం చూసి, అలవాటు ప్రకారం చాపమీద మధ్యలో కూర్చున్నాడు. ఐగుప్తు కథ చదివాడు, అందరూ ప్రార్థన చెప్పారు. రొట్టె ఎక్కడా పగలకుండా, గుండ్రంగా, పొగలు కక్కుతూ పళ్ళెంలో ఉంది. అవిరా సిలువాకు తీసి పక్కన పెట్టి కత్తికోసం చెయ్యి చాచాడు.

"నువ్వొద్దు," అంది తల్లి. "నీ ఇంట్లోది నువ్వు చెయ్యి పెట్టకుండానే విరిగింది. అక్కడ పంచుకో పో."

"అదేంటమ్మా, మగవాళ్ళలో పెద్దవాడిని..."

"నీ ఇంట్లో పెద్దవాడివి. ఇది నీ ఇల్లు కాదు. కత్తి దానికివ్వు."

"ఆడవాళ్ళు పెసహా విరుస్తారా ఎక్కడైనా?"

ముసలామె పటం కింద దీపంవైపు చూసింది. ఆ తరవాత మెల్లిగా అంది.

"ఇంట్లో మగవాడు లేకపోతే ఆడది విరవచ్చు. నా చేతులు వణుకుతాయి, క్లార విరుస్తుంది. ఈ ఇంట్లో ఇక మగవాడు లేడు."

అవిరా కత్తి వదిలేశాడు. క్లారమ్మ దాన్ని అందుకుంది గాని కాసేపు కొయ్యలేకపోయింది. ఈ ఏడాదిలో ఆ సంగతి ఆమె రేషను కార్యాలయంలో చెప్పింది, పింఛను కాగితాల్లో రాసింది, గుడి పుస్తకంలో సంతకం పెట్టింది. అన్నిచోట్లా ఒక్కతే చెప్పింది. ఈ మొండి మనిషి ఒప్పుకోదని, ఆమె భారం కూడా తన మీదే వేసి కూర్చుందని, ఎన్ని రాత్రులు లోలోపల తిట్టుకుందో దేవుడికే తెలుసు.

రొట్టె కోసి, వయసు ప్రకారం మొదటి ముక్క అత్తగారికి ఇచ్చింది. ముసలామె రెండు చేతులూ చాచి అందుకుంది. పాలలో ముంచుకుని, ఉన్న నాలుగు పళ్ళతో నెమ్మదిగా నమిలి, మింగింది. ముక్క అయిపోయాక ఖాళీ చేతులు ఒళ్ళో పెట్టుకుని ఏడవడం మొదలుపెట్టింది. పసిపిల్లలా పెద్దగా, నోరు తెరిచి, కొడుకు పేరు పెట్టి పిలుస్తూ ఏడ్చింది. అవిరా కంగారుపడి ఊరుకో అమ్మా అని లేవబోతే క్లారమ్మ అతని చెయ్యి పట్టి కూర్చోబెట్టింది.

"ఏడవనీ," అంది. అత్తగారి పక్కకి జరిగి కూర్చుని, ఆమెతో పాటు తనూ ఏడ్చింది.